ఇంట్లో పచ్చళ్ళకు ఆన్‌లైన్ షాపు పెడుతున్నాం: వెబ్‌సైట్‌కు 45 వేలు పెట్టొచ్చా?

తెనాలి కోడలు | 6 ఏప్రిల్ 2025

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు.

మా అత్తయ్యగారు పచ్చళ్ళు బాగా పెడతారు. ఏటా ఆవకాయ సీజన్లో చుట్టాలకు, మా ఆయన ఆఫీసు వాళ్ళకు కలిపి నలభై యాభై కిలోలు వెళ్తాయి. ఖర్చులు వస్తే చాలన్నట్టే ఇచ్చేవాళ్ళం. ఈ ఏడు పాప స్కూల్లో చేరింది, నాకు పగలంతా ఖాళీ. ఓ పేరు పెట్టి ఆన్‌లైన్లో పద్ధతిగా అమ్ముదామని ఇంట్లో అనుకున్నాం. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి, నిమ్మకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం, సున్నుండలు, అరిసెలు... మొత్తం 24 రకాలు రాసి పెట్టుకున్నాను.

ఇక్కడ తెలిసినాయన ఒకాయన వెబ్‌సైట్ చేసిపెట్టడానికి 45 వేలు అడుగుతున్నాడు. యాప్ కూడా కావాలంటే ఇంకో 30. మా దగ్గర పెట్టుబడి మొత్తం కలిపి లక్ష. అత్తయ్యగారేమో "ముందు కారం, నూనె కొనండే, ఆ డబ్బాలో ఏం కలుపుతారు" అని లాప్‌టాప్ చూపించి నవ్వుతున్నారు.

వెబ్‌సైట్ ఇప్పుడే కావాలా? లైసెన్సులు ఏమేం తీసుకోవాలి? జీఎస్టీ తప్పదా? నూనె కారకుండా కొరియర్లో ఎలా పంపాలి? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కోడ్ అబ్బాయి | 6 ఏప్రిల్ 2025

అక్కా, ఆ 45 వేలు ఇవ్వకండి. వెబ్‌సైట్లు చేసి బతికేవాడినే చెప్తున్నా.

కస్టమర్ లేని వెబ్‌సైట్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ఇప్పుడు మీకు కావలసింది వాట్సాప్ బిజినెస్. అది ఉచితం. అందులో కేటలాగ్ ఉంటుంది. ఫోటో, ధర, బరువు పెడితే లింకు ఎవరికైనా పంపొచ్చు. ఆర్డర్ వివరాలకు గూగుల్ ఫామ్ ఒకటి చేసుకోండి. పేరు, ఫోన్, అడ్రస్, పిన్‌కోడ్, ఏ పచ్చడి ఎంత అన్నవి తిన్నగా షీట్‌లోకి వచ్చేస్తాయి. చాట్‌లో వచ్చిన అడ్రస్‌లు వెతుక్కునే బాధ ఉండదు.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. పేరు ఖాయం అయితే డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రస్‌గా వాడే పేరు, కొని పెట్టుకోండి. ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. అదే పేరుతో ఇన్‌స్టాగ్రామ్ ఖాతా కూడా తెరిచేయండి.

యాప్ మాట మర్చిపోండి. సీసా ఆవకాయ కోసం ఎవరూ ఫోన్లో యాప్ ఎక్కించుకోరు.

చీరల పద్మ | 6 ఏప్రిల్ 2025

హైదరాబాద్ నుంచి రాస్తున్నా. పోచంపల్లి, నారాయణపేట చీరలు ఇన్‌స్టాలో అమ్ముతాను. తమ్ముడు చెప్పింది నిజమే, కానీ అన్నీ వాట్సాప్‌లోనే అంటే ఒక దశ దాటాక నరకం. "రేటెంత?" "ఇంకో కలర్ ఉందా?" "డెలివరీ ఎప్పుడు?" అని పొద్దున్నుంచి రాత్రి దాకా ఫోనే. వంట మాడిపోతుంది. రోజుకు పదిహేను ఇరవై ఆర్డర్లు దాటితే వెబ్‌సైట్ ఉండాల్సిందే.

ఇంకో సంగతి చెల్లీ, 24 రకాలు వద్దు. నాలుగు చాలు.

క్యాష్ ఆన్ డెలివరీ అస్సలు పెట్టకు. ఆర్డర్ పెట్టినప్పుడున్న హుషారు పార్సిల్ వచ్చేటప్పటికి ఉండదు. "మావారు వద్దన్నారు" అని వెనక్కి పంపేస్తారు. పోను రాను రెండు చార్జీలూ మనమే కట్టాలి. చీరైతే మళ్ళీ మడతపెట్టి ఇంకొకరికి అమ్ముకుంటాను. ఎండలో వారం తిరిగొచ్చిన పచ్చడిని ఏం చేస్తావు?

ఊరికే సుబ్బారావు | 7 ఏప్రిల్ 2025

నిరుత్సాహపరచాలని కాదు కానీ, సందుకో పచ్చళ్ళ షాపు ఉంది. ఉసులుమర్రు పచ్చళ్ళకు ఎప్పటినుంచో పేరు. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద బ్రాండ్లు సినిమా వాళ్ళతో యాడ్లు చేయిస్తున్నాయి. మీ దగ్గరే ఎందుకు కొనాలి? దీనికి జవాబు లేకపోతే లక్ష బ్యాంకులో వేసుకోండి.

లెక్కల మాస్టారు | 7 ఏప్రిల్ 2025

సుబ్బారావు గారి ప్రశ్న బాగానే ఉంది కానీ, దానికి మీ అత్తయ్యగారి ఆవకాయ జవాబు చెప్తుంది. ఏటా యాభై కిలోలు అడిగి పట్టుకెళ్తున్నారంటే అది కొత్త షాపులకు దొరకని అదృష్టం. నేను జీఎస్టీ సంగతి చెప్తాను.

అమ్మా, ముందు ఒక్కటి చెప్పండి: హైదరాబాద్ పంపుతారా? అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్ళకు ఏడాది టర్నోవర్ 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. ఇంతవరకూ హాయి. కానీ రాష్ట్రం దాటి అమ్మితే ఈ పరిమితి పనిచేయదు, మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. తెనాలి నుంచి విశాఖ పంపితే అక్కర్లేదు, అంతకంటే దగ్గరున్న ఖమ్మం పంపితే కావాలి. విభజన అయి ఇన్నేళ్ళైనా ఈ ముక్క చెప్పగానే జనం ఉలిక్కిపడతారు. కొండపల్లి బొమ్మల్లాంటి చేతివృత్తుల సరుకు అమ్మేవాళ్ళకు పరిమితి లోపల ఉంటే దీన్నుంచి మినహాయింపు ఉంది. పచ్చళ్ళకు లేదు.

చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఒక్క శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకం ఉందిగా అంటారు. అందులో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు.

అమెజాన్ లాంటి మార్కెట్‌ప్లేస్‌లలో పెట్టాలంటే, 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న అమ్మకందారులకు ఓ వెసులుబాటు ఇచ్చారు. జీఎస్టీ నంబర్ లేకున్నా పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని సొంత రాష్ట్రంలో మటుకు అమ్ముకోవచ్చు.

నన్నడిగితే, రెండు నెలలు ఆంధ్రలోనే అమ్మి చూడండి. ఊపు కనిపిస్తే రిజిస్ట్రేషన్ తీసుకోండి. దానికి ప్రభుత్వ ఫీజు లేదు. ఇంటి అడ్రస్ మీదే ఇస్తారు, కరెంటు బిల్లు, ఇల్లు అత్తయ్యగారి పేరున ఉంటే ఆవిడ అంగీకార పత్రం చాలు. తీసుకున్నాక మాత్రం అమ్మకం లేని నెలైనా రిటర్న్ వేయాలి. మర్చిపోతే నిల్ రిటర్న్‌కే రోజుకు 20 రూపాయలు పడుతుంది.

చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. డబ్బులు అడిగే సైట్లు చాలా ఉన్నాయి, అవి ప్రభుత్వానివి కావు.

తెనాలి కోడలు | 7 ఏప్రిల్ 2025

మాస్టారూ, చాలా థాంక్స్ అండి. మా కొనేవాళ్ళలో సగం మంది కూకట్‌పల్లి, మియాపూర్ లోనే ఉన్నారు! కాబట్టి రిజిస్ట్రేషన్ ముందే తీసుకోవాలేమో.

పద్మక్కా, నాలుగు రకాలంటే ఏవి పెట్టమంటారు? సుబ్బారావు గారూ, మీరన్నది మనసులో పెట్టుకున్నాను.

గోదారి పెద్దమ్మ | 8 ఏప్రిల్ 2025

మాది రాజమండ్రి. ముప్పై ఏళ్ళుగా పచ్చళ్ళు పెట్టి ఇస్తున్నాను. ఆన్‌లైన్ సంగతి మా మనవరాలు చూసుకుంటుంది, ఇది కూడా తనే టైపు చేస్తోంది.

ఏవి పెట్టాలంటే, కొరియర్లో నిలిచేవి పెట్టమ్మా. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి. పులుపు, ఉప్పు, నూనె మూడూ ఉన్నవి పాడవవు. కొబ్బరి పచ్చడి, దోసావకాయ లాంటివి ఎవరు బతిమాలినా పంపకు. సున్నుండలకు నెయ్యి ముదురు వాసన వస్తుంది, అవి పండగకు ఆర్డర్ మీద చేసుకో. అరిసెలు పార్సిల్లో ముక్కలవుతాయి.

ఇక నూనె కారడం గురించి. అందరూ మూత మీద పడి ఏడుస్తారు, తప్పు మూతది కాదు. ఆవకాయ కలిపిన రోజే సీసాలకెత్తితే ముక్క ఊట దిగుతుంది, నూనె పైకి తేలుతుంది, సీసా నిండి మూత దగ్గర తోసుకొస్తుంది. మూడో రోజు తిరగ కలిపి, ఉప్పు చూసి, ఇంకో రెండు మూడు రోజులు జాడీలో ఊరనివ్వు. ముక్క నూనె పీల్చుకుని కుదురుకున్నాక అప్పుడు సీసాకెత్తు. పైన రెండు వేళ్ళ ఖాళీ ఉంచు. మీద నూనె పోసి ముంచాలన్నది జాడీ పద్ధతి, పార్సిల్‌కు పనికిరాదు. పిండి తడిసి, పైన పల్చగా మెరిస్తే చాలు. "ఇంట్లో కొంచెం పప్పు నూనె కాచి చల్లార్చి కలుపుకోండి" అని చీటీ పెడితే కొనేవాళ్ళు సంతోషిస్తారు కూడా.

కాయ కొట్టించాక ప్రతి ముక్కా పొడిగుడ్డతో తుడవాలి, లోపలి జీడి పొర తీయాలి. కిలోలు పెరిగాక అందరూ ఎగ్గొట్టే పని ఇదే. బూజు పట్టేది అక్కడే. జలాలు, చిన్నరసాలు మీ వైపు నూజివీడు నుంచి బాగా దిగుతాయి. పీచు, టెంకె గట్టిగా ఉన్నది చూసుకో. కాయ నెల తిరిగేసరికి ముదిరిపోతుంది, వెబ్‌సైట్ మాట తర్వాత, ముందు కాయ కొను.

పార్సిల్ బండి | 8 ఏప్రిల్ 2025

పెద్దమ్మగారికి దండం. నేను విజయవాడలో కొరియర్ బుకింగ్ కౌంటర్ నడుపుతున్నా. మేడమ్, సీసా సైజు ఖాయం చేసే ముందు ఇది చదవండి.

కొరియర్ రేటు అరకిలో మెట్లలో ఉంటుంది. మీరు 500 గ్రాముల సీసా పెట్టారనుకోండి. పచ్చడి 500, ప్లాస్టిక్ సీసా, మూత 40, అట్టపెట్టె, బబుల్ షీట్, టేపు 100 దాకా. మొత్తం 640. అంటే కిలో చార్జీ పడుతుంది. 360 గ్రాముల చోటు ఖాళీగా పోతోంది, దానికీ డబ్బు కడుతున్నారు. అదే 250 గ్రాములవి మూడు కలిపి ఒక సెట్ చేస్తే, 750 పచ్చడి, సీసాలు, పెట్టె కలిపి కిలోకు కాస్త లోపల కూర్చుంటుంది. చార్జీ అంతే, సరుకు ఒకటిన్నర రెట్లు. కొత్తవాళ్ళు మూడు రుచులు చూసినట్టూ ఉంటుంది.

రెండోది పెట్టె కొలత. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే బరువు అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే చార్జీ వేస్తారు. బజార్లో దొరికింది కదా అని 20×20×20 పెట్టెలో ఒక సీసా పెడితే 8000 భాగించు 5000, అంటే 1.6 కిలోలు. రెండు కిలోల మెట్టు! సీసాకు సరిపడా 15×12×12 పెట్టెకు అర కిలో కూడా రాదు. కొన్ని కంపెనీలు భాజకం వేరేగా పెట్టుకుంటాయి, ముందే అడగండి.

కస్టమర్లు గుంపుగా ఉన్న ఊళ్ళకు ఆర్టీసీ కార్గో మర్చిపోకండి. తెనాలి బస్టాండ్‌లో వేస్తే హైదరాబాద్‌లో తీసుకోవచ్చు. కాకపోతే వాళ్ళు కౌంటర్‌కు వచ్చి తెచ్చుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో ఒకరు పది మంది ఆర్డర్లు పోగేస్తే ఇదే చవక.

ఊరికే సుబ్బారావు | 8 ఏప్రిల్ 2025

గాజు సీసాలో పంపితే లక్షణంగా ఉంటుంది కదా. ప్లాస్టిక్‌లో ఊరగాయ ఏమిటండీ ఖర్మ.

పార్సిల్ బండి | 8 ఏప్రిల్ 2025

సార్, గాజు సీసా ఒక్కటి పగిలితే అదే సంచిలో ఉన్న పెళ్ళి పత్రికలు, బ్యాంకు కవర్లు అన్నీ ఆవకాయే. ఆ రోజు నాకు వచ్చే ఫోన్లు మీరు ఎత్తుతారా?

ల్యాబ్ కోటు | 9 ఏప్రిల్ 2025

ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. గాజు ముచ్చట అలా ఉంచి, ప్లాస్టిక్ అయితే ఫుడ్ గ్రేడ్ అని రాసున్న పెట్ (PET) జార్ తీసుకోండి. మూత లోపల అల్యూమినియం రేకు అతికించే ఇండక్షన్ సీలింగ్ చేయండి, చేత్తో పట్టుకునే చిన్న మిషన్లు దొరుకుతాయి. అంచుకు నూనె చుక్క అంటినా రేకు అతకదు. గరాటుతో నింపి, అంచు పొడిగా తుడిచి అప్పుడు సీల్ వేయాలి.

"ఇంట్లో చేసేవి కదా లైసెన్స్ ఎందుకు" అని చాలామంది అనుకుంటారు. కావాలి. ఈ 2025 నాటి నిబంధన ప్రకారం ఏడాది టర్నోవర్ 12 లక్షల లోపు అయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) బేసిక్ రిజిస్ట్రేషన్ సరిపోతుంది. వాళ్ళ ఫాస్కాస్ పోర్టల్‌లో అప్లై చేయాలి, ఏడాదికి ఫీజు 100 రూపాయలు. 12 లక్షలు దాటితే స్టేట్ లైసెన్స్. ఏజెంట్లు వేలల్లో అడుగుతారు, ఇవ్వకండి. ఫోటో, ఆధార్, ఇంటి అడ్రస్ రుజువు ఉంటే మీరే చేసుకోవచ్చు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ చూడటానికి రావచ్చు. వంటగది శుభ్రం, నీళ్ళు, ఎలుకలు రాకుండా జాలీ, ఇవే చూస్తారు.

లేబుల్ మీద పచ్చడి పేరు, దినుసులు ఎక్కువ నుంచి తక్కువ వరసలో, నికర బరువు, ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, తయారీదారు పేరు, పూర్తి అడ్రస్, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, గ్రాముకు ధర ఎంత పడుతుందో, ఫిర్యాదుకు ఫోన్ నంబర్ ఉండాలి. పోషకాల పట్టిక కూడా ల్యాబ్‌లో చేయించుకోండి. పొడుల్లో వేరుశనగ వేస్తే అలర్జీ హెచ్చరిక రాయాలి. ప్యాకర్‌గా తూనికలు కొలతల శాఖలో కూడా నమోదు చేసుకోవాలి, దాని ఫీజు 500.

"ప్యూర్", "నేచురల్" అని ఇష్టం వచ్చినట్టు వేయకండి, ఆ మాటలకు 2018 నుంచి విడిగా నిబంధనలున్నాయి. కరివేపాకు పొడి షుగర్ తగ్గిస్తుందని అసలే రాయొద్దు.

బ్యాచ్ నంబర్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఏ బ్యాచ్‌లో ఏ రోజు కొన్న కారం, ఏ డబ్బా నూనె పడిందో నోటుబుక్కులో రాసి, ఒక్కో బ్యాచ్ నుంచి ఒక సీసా ఇంట్లో దాచండి. మూడు నెలల తర్వాత ఎవరైనా "వాసన వస్తోంది" అంటే ఆ సీసా తెరిచి చూసుకోవచ్చు.

తీపి రేకు | 9 ఏప్రిల్ 2025

ఆత్రేయపురం పూతరేకులు అమ్ముతాను. ఆర్డర్ వచ్చిన ప్రతి పార్సిల్ కట్టేటప్పుడు ఫోన్‌లో వీడియో తీస్తాను, సీసా కనపడాలి, అడ్రస్ చీటీ కనపడాలి. కస్టమర్‌ను కూడా విప్పేటప్పుడు వీడియో తీయమని ముందే చెప్తాను. సగం గొడవలు దీంతోనే ఆగిపోతాయి.

చీరల పద్మ | 9 ఏప్రిల్ 2025

ఇంకోటి. ఫోన్‌పే చేశామని స్క్రీన్‌షాట్ పంపుతారు. అది చూసి పార్సిల్ కట్టకు. బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకో. దొంగ స్క్రీన్‌షాట్లు చేసే యాప్‌లే ఉన్నాయి.

లెక్కల మాస్టారు | 10 ఏప్రిల్ 2025

ధర సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మా, మీ ఖర్చులు ఇక్కడ రాయండి, లెక్క కట్టి చూద్దాం.

తెనాలి కోడలు | 10 ఏప్రిల్ 2025

మాస్టారూ, అరకిలో ఆవకాయకు వేసుకున్నానండి. కాయ, కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు, నూనె కలిపి సుమారు 115. అందులో ఎక్కువ భాగం పప్పు నూనెదే. సీసా, సీలు, లేబుల్, పెట్టె 45. కాయ కొట్టించడం, గ్యాస్, సాయానికి వచ్చే ఆవిడ కూలి 35. కొరియర్ 75 అనుకున్నా. కొరియర్ మేమే పెట్టుకుని 399కి అమ్ముదామని. అంటే 129 మిగులుతుంది కదా?

లెక్కల మాస్టారు | 10 ఏప్రిల్ 2025

మిగలదు. ఆవకాయ మీద జీఎస్టీ 12 శాతం. 399లో పన్ను లోపలే ఉంది కాబట్టి 399ని 1.12తో భాగించండి. మీ చేతికి 356 రూపాయల పావలా. మిగతా 42 ముప్పావలా ప్రభుత్వానిది. సీసాలు, పెట్టెల మీద మీరు కట్టిన జీఎస్టీ క్రెడిట్ కొంత వెనక్కి వస్తుంది, అది ఇప్పుడు లెక్కలో వేయొద్దు. వెబ్‌సైట్ పెట్టి, అందులో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే వాడితే దాదాపు రెండు శాతం చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. 399 మీద తొమ్మిది రూపాయల పైన.

ఖర్చులు 115, 45, 35, 75, 9. మొత్తం 279. మిగిలేది 77. ఇందులోంచే పగిలినవి, మళ్ళీ పంపినవి, ఇన్‌స్టా యాడ్లు, అత్తయ్యగారి చాకిరీ, మీ చాకిరీ. మీ ఇద్దరికీ ఇంత అని జీతం వేసుకోకుండా "లాభం" అనే మాట వాడకండి.

ధర పెంచండి, లేదా పార్సిల్ బండి గారు చెప్పిన మూడు సీసాల సెట్ పట్టండి. విడి సీసాకు కొరియర్ విడిగా తీసుకోండి.

ఊరికే సుబ్బారావు | 10 ఏప్రిల్ 2025

ఇదీ లెక్కంటే! మాస్టారూ, మా బామ్మర్ది టిఫిన్ సెంటర్ లెక్క కూడా ఓసారి చూస్తారా?

కోడ్ అబ్బాయి | 11 ఏప్రిల్ 2025

వెబ్‌సైట్ దాకా వచ్చినప్పుడు గుర్తుంచుకోండి అక్కా. నెలవారీ చందా కట్టే రెడీమేడ్ షాపు తీసుకుంటే సర్వర్ తలనొప్పి ఉండదు. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ అనే షాపు ప్లగిన్ పెడితే సాఫ్ట్‌వేర్ ఉచితం, హోస్టింగ్ (సైట్ ఉంచే సర్వర్ చోటు) కొనాలి, అప్‌డేట్లు చూసుకునే మనిషి కావాలి. ఇంట్లో అలాంటి మనిషి లేకపోతే మొదటిదే నయం.

పేమెంట్ గేట్‌వే వాళ్ళు ఖాతా ఇచ్చే ముందు సైట్‌లో రిఫండ్ పాలసీ, షిప్పింగ్ పాలసీ, అడ్రస్, ఫోన్ నంబర్ పేజీలు ఉన్నాయో లేదో చూస్తారు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు కూడా పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఇవన్నీ తెలుగులో కూడా రాసిపెట్టండి. ఏ బజారు సైట్‌లో నుంచో కాపీ కొట్టిన రిఫండ్ పాలసీలో "పాదరక్షలు" అని ఉండగా నేను కళ్ళారా చూశాను, పచ్చళ్ళ షాపులోనే.

తెనాలి కోడలు | 22 జూన్ 2025

చాలా రోజులకు వచ్చాను, సారీ. మే అంతా ఊపిరి ఆడలేదు.

మొత్తానికి మొదలుపెట్టేశాం. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి నాలుగే. వెబ్‌సైట్ లేదు, వాట్సాప్ కేటలాగ్, ఫామ్. ఎఫ్ఎస్ఎస్ఏఐ నేనే అప్లై చేశాను, వచ్చింది. జీఎస్టీ కూడా తీసుకున్నాం. కోడ్ అబ్బాయి చెప్పినట్టు డొమైన్ కొని పక్కన పెట్టాను.

పెద్దమ్మగారూ, మీ మాట ప్రకారం ఆరో రోజు దాకా ఆగి సీసాలకెత్తాం. నూనె కారిందని రెండు మూడు ఫోన్లే వచ్చాయి, అవీ మూత చుట్టూ జిడ్డు, అంతే. అత్తయ్యగారు ఆ చీటీ చదివి "రాజమండ్రి ఆవిడకి నా నమస్కారం చెప్పు" అన్నారు.

మూడు సీసాల సెట్టే ఎక్కువ పోతోంది. వింతేమిటంటే చుట్టాలు మాత్రం కిలో ఆవకాయే అడుగుతున్నారు, సెట్ కొనేదంతా కొత్తవాళ్ళే. చుట్టాల దగ్గర డబ్బు అడగడం ఇంకా కష్టంగానే ఉంది. "మన పిల్లే కదా" అంటూ కొరియర్ డబ్బులు ఎగ్గొడతారు.

ఒక సమస్య ఉంది. ఒక కొరియర్ వాళ్ళు మేం 950 గ్రాములని తూచి పంపిన పార్సిళ్ళకు కిలోన్నర బిల్లు వేస్తున్నారు. ఏం చేయాలి?

పార్సిల్ బండి | 22 జూన్ 2025

ఇది అందరికీ వచ్చే గొడవే మేడమ్. కట్టిన ప్రతి పెట్టెనూ డిజిటల్ కాటా మీద పెట్టి, అంకె కనిపించేలా, అడ్రస్ చీటీ పడేలా ఫోటో తీయండి. టేపు పట్టుకుని కొలతల ఫోటో ఒకటి. బరువు తేడా మీద అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది, చాలాసార్లు వారమే. అది దాటితే ఎవరూ వినరు. ఇంకో మాట, 950 అంటే అంచు మీద ఉన్నారు. వాళ్ళ కాటా కొంచెం అటూ ఇటూ అయినా మెట్టు మారుతుంది. పెట్టె కొంచెం పల్చటి అట్టది వాడి 900కి తెండి.

డాలస్ బాబాయి | 3 సెప్టెంబర్ 2025

అమ్మాయ్, మా ఆవిడ ఈ చర్చంతా చదివి ఆవకాయ కావాలని గోల. అమెరికా పంపుతారా?

లెక్కల మాస్టారు | 3 సెప్టెంబర్ 2025

బాబాయి గారూ, అడగడానికి భలే సమయం చూసుకున్నారు. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు సుంకం లేదన్న వెసులుబాటును మీ ప్రభుత్వం ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసింది. మన సరుకు మీద 50 శాతం సుంకం కూడా పడింది.

ఇవన్నీ లేకపోయినా, అమ్మకానికి పంపాలంటే కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ నుంచి ఎగుమతిదారులకిచ్చే ఐఈసీ కోడ్, ఎఫ్ఎస్ఎస్ఏఐ సెంట్రల్ లైసెన్స్, అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళకు ముందస్తు నోటీసు ఉండాలి. "గిఫ్ట్ అని రాసి పంపేద్దాం" అనే ఏజెంట్లు ఉంటారు. డబ్బు తీసుకుని అమ్మింది గిఫ్ట్ ఎలా అవుతుంది? అమ్మా, ఆ జోలికి పోవద్దు.

డాలస్ బాబాయి | 3 సెప్టెంబర్ 2025

సరే మాస్టారూ, డిసెంబర్‌లో మా చెల్లెలు వస్తోంది. హైదరాబాద్ అడ్రస్‌కు ఆర్డర్ పెడతాను, సూట్‌కేసులో తెస్తుంది. సీల్ గట్టిగా వేయండి.

తెనాలి కోడలు | 11 అక్టోబర్ 2025

బాబాయి గారూ, తప్పకుండా. రెండు పొరల కవర్లో వేసి పంపుతాను.

మాస్టారూ, సెప్టెంబర్ 22 నుంచి పచ్చళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతం అయింది కదా. 399 మీద లెక్క వేస్తే ఇప్పుడు 380 మాకు, 19 పన్ను. సీసాకు దాదాపు 24 రూపాయల తేడా. ఇది మేం ఉంచేసుకోవచ్చా, ధర తగ్గించాలా? పాత ఎమ్మార్పీ లేబుళ్ళు ఇంకా రెండు కట్టలున్నాయి.

వెబ్‌సైట్ కూడా వచ్చే నెల మొదలుపెడదామనుకుంటున్నాం. నెలవారీ చందాదే. పద్మక్క చెప్పిన ఫోన్ నరకం మొదలైంది.

లెక్కల మాస్టారు | 11 అక్టోబర్ 2025

తగ్గించాలమ్మా. పన్ను తగ్గింపు కొనేవాళ్ళకు అందాలన్నదే ఉద్దేశం. 356 పావలా మీద 5 శాతం కలిపితే 374 చిల్లర. 375 పెట్టుకోవడానికి లేదు, 374 పెట్టండి. పాత లేబుళ్ళు పారేయక్కర్లేదు, 2026 మార్చి నెలాఖరు దాకా సవరించిన ధర స్టిక్కర్ అంటించుకోవచ్చు, పాత ధర మాత్రం కనిపించేలా ఉంచండి. నూనె ధర పెరిగి మీ ఖర్చే పెరిగితే అది వేరే సంగతి, దానికి బిల్లులు దాచుకోండి.

చీరల పద్మ | 11 అక్టోబర్ 2025

చెల్లీ, వెబ్‌సైట్ వచ్చాక కూడా వాట్సాప్ నంబర్ పెద్దగా కనిపించేలా పెట్టు. మా కస్టమర్లు సైట్‌లో అంతా చూసి, చివర్లో "ఇది ఉందా అండీ" అని వాట్సాప్‌లో అడిగాకే డబ్బు కడతారు. దీపావళికి ఏమైనా స్పెషల్ పెడుతున్నావా?

తెనాలి కోడలు | 12 అక్టోబర్ 2025

సున్నుండలు అక్కా, ఆర్డర్ మీదే. 15వ తేదీ దాకా తీసుకుంటాం, 16న ఒకే విడత చేసి అదే సాయంత్రం పంపేస్తాం. ఆ తర్వాత అడిగినవాళ్ళకు లేవనే చెప్తాను.

ఐదో రకంగా నిమ్మకాయ పెట్టాలని ఉంది. మా ఊళ్ళోనే నిమ్మకాయల మార్కెట్ ఉంది కాబట్టి కాయకు వెతుక్కోనక్కర్లేదు. పెద్దమ్మగారూ, నిమ్మకాయ ఊరడానికి ఎన్నాళ్ళు ఆగి సీసాకెత్తమంటారు?

గోదారి పెద్దమ్మ | 12 అక్టోబర్ 2025

తొక్క మెత్తబడాలి. ఉప్పు, పసుపు వేసి మూత కట్టి పక్కన పెట్టి, రోజూ పొడి గరిటెతో తిప్పు. ఈ ముసురుకి మూడు వారాలైనా పడుతుంది. కారం, మెంతిపొడి, పోపు సీసాకెత్తే ముందు కలుపు, ఇప్పుడే కలిపితే రంగు నల్లబడుతుంది. నీ దగ్గర ఎండ తగిలే డాబా ఉందా?